పది టిప్పుల డబ్బా

రాణీగంజ్, సికింద్రాబాద్.

నానీ,

మీ పెద్దనాన్నకు మోకాలి నొప్పి కాస్త తగ్గింది. సాయంత్రం పూట మన టూళ్ళ కొట్టుకు వచ్చి కుర్చీలో కూర్చుంటున్నాడు. వచ్చినవాళ్ళందరికీ సలహాలు చెప్పి, కొనడానికి వచ్చినవాణ్ణి కూడా కొనకుండా పంపిస్తున్నాడు. నలభై ఏళ్ళు లేతు తిప్పిన మనిషి, ఊరుకోమంటే ఊరుకోడు కదా.

మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు కంచం ముందు కూర్చుని ఫోన్లో ఇనుప ముక్కల బొమ్మలు చూస్తున్నావట. "అక్కా, వీడికి పెళ్ళి సంబంధం ఫొటో చూపిస్తే తలెత్తడు, ఆ ముక్కలైతే కళ్ళార్పకుండా చూస్తాడు" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. తరవాత నీ మెసేజ్ చూశాను. ఏడు హోల్డర్ల సెట్టు, దాంతో లేతు టూలుకు బిగించే కొన్ని కార్బైడ్ టిప్పులు, విడిగా ఇంకో పది టిప్పుల డబ్బా. కింద "పెద్దమ్మా, ఈ చైనా టిప్పులు కొనొచ్చా?" అని ప్రశ్న. నువ్వు అడిగిన తేదీ చూశాను, ఆర్డరు పెట్టిన తేదీ చూశాను. ఆర్డరే ముందుంది! ఏరా, అడగడానికైనా ఒక వరస ఉండొద్దూ? సరేలే, మన ఇంట్లో అందరమూ అంతే. కొన్నాకే అడుగుతాం.

జవాబు ముందు చెప్పేస్తాను, తిట్లు తరవాత. కొనొచ్చు. మైల్డ్ స్టీలు (ఎం.ఎస్.) రాడ్డు మీద, ఈ.ఎన్.8 మీద, గన్‌మెటల్ బుష్షుల మీద చవక టిప్పు పెట్టిన డబ్బుకు పనిచేస్తుంది. వెల్డింగ్ నింపిన షాఫ్టు మీదా, స్టెయిన్‌లెస్ మీదా, పార్టింగ్ దగ్గరా మాత్రం దాన్ని నమ్ముకుని కస్టమరుకు మాట ఇవ్వకు. హోల్డరు చేత్తో పట్టుకుని చూడకుండా కొనకు. అసలు వీటన్నిటికంటే ముందు నీ మిషను ఎంత స్పీడు తిరుగుతుందో చూసుకో. ఈ ఒక్క సంగతి తెలియకనే సగం మంది కుర్రాళ్ళు డబ్బు పారేసుకుంటున్నారు. నా కౌంటరు ఇవతల నిలబడితే అన్నీ కనిపిస్తాయి నాన్నా. కొనేటప్పుడు వాళ్ళ మొహమూ చూస్తాను, విరిగిన ముక్క పట్టుకొచ్చినప్పుడు మొహమూ చూస్తాను.

నువ్వు తెనాలిలో పెట్టుకున్న ఆ సెకండ్ హ్యాండ్ బటాలా లేతు, ఆరడుగులది, బెల్టుది. దాని హెడ్‌స్టాక్ మీద స్పీడులు రాసిన రేకు ప్లేటు ఉండాలి. నూనె మురికి తుడిచి చూడు. ఆ తరహా పాత మిషన్లలో చాలావాటికి పై స్పీడు ఐదారు వందలు దాటదు. ఐదొందలే అనుకుందాం. ఇప్పుడు పెన్ను తీసుకో. రాడ్డు చుట్టుకొలతను చుట్ల సంఖ్యతో హెచ్చించు. 20 మి.మీ. పిన్ను తిప్పుతుంటే నిమిషానికి సుమారు 31 మీటర్ల ఉక్కు టూలు ముందు నుంచి పోతుంది. అదే 100 మి.మీ. హబ్బు అయితే 157 మీటర్లు. మైల్డ్ స్టీలు మీద హెచ్.ఎస్.ఎస్. (హై స్పీడ్ స్టీల్) టూలుకు 25, 30 మీటర్లు హాయిగా ఉంటుంది. కోటింగ్ ఉన్న కార్బైడ్ టిప్పుకు నూరు దాటితేగాని ఒంట్లో చురుకు పుట్టదు. అదే మిషను, అదే టిప్పు. హబ్బు మీద నీలం రంగు చిప్స్ చిన్న చిన్న ముక్కలుగా రాలుస్తూ కోస్తుంది, పిన్ను మీదికి వచ్చేసరికి ఈడుస్తుంది.

స్పీడు చాలనప్పుడు ఏమవుతుందో మీ పెద్దనాన్న నాకు భూతద్దంలో చూపించాడు. కోసిన ఉక్కు అంచుకు అతుక్కుని చిన్న గడ్డలా పెరుగుతుంది. కాసేపటికి ఊడుతుంది. ఊడేటప్పుడు ఊరికే పోదు, అంచులోంచి ఒక పలుకు పట్టుకుని పోతుంది. జాబ్ మీద చూస్తే చిరిగిన గుడ్డలా ఉంటుంది ఫినిషింగ్. కుర్రాడు ఆ టిప్పు తెచ్చి నా బల్ల మీద పడేసి "చైనా సరుకమ్మా, ఇంతే" అంటాడు. నేను "ఎంత స్పీడు మీద పెట్టావు బాబూ?" అంటాను. అతను పైకి చూస్తాడు. జపాన్ టిప్పు పెట్టినా ఆ జాబ్ అలాగే వచ్చేది, కాకపోతే నష్టం నాలుగింతలు.

కాబట్టి చిన్న పిన్నులకూ, సన్న బుష్షులకూ నువ్వు ఐ.టి.ఐ.లో నేర్చుకున్న హెచ్.ఎస్.ఎస్. బిట్టే పెట్టు. మిరండా బిట్టు ఒకటి కొనుక్కుని గ్రైండింగ్ వీలు మీద నీ చేత్తో సానపెట్టుకుంటే నెలల తరబడి వస్తుంది. నీ తోటివాళ్ళు ఆ పని చేతకాకే టిప్పులకు ఎగబడుతున్నారు. నీకు చేతనవును. మీ అమ్మ నీ ఐ.టి.ఐ. సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి గోడకు తగిలించిందిట. చేయి మరిచిపోతే ఆ ఫ్రేము ఎందుకురా?

ఇక డబ్బా సంగతి. నువ్వు ఆర్డరు పెట్టింది సి.ఎన్.ఎం.జి. 120408. ఆ అక్షరాలు ఎందుకున్నాయో చూడకుండా బొమ్మ చూసి కొన్నావని పందెం కాస్తాను. మొదటి సి అంటే 80 డిగ్రీల వజ్రం ఆకారం. రెండో అక్షరం ఎన్ అంటే పక్క గోడ నిట్టనిలువు, వాలు లేదు. పన్నెండు అంటే అంచు పొడవు, 04 మందం, చివరి 08 ముక్కు రేడియస్, అంటే 0.8 మి.మీ. రెండు వైపులా తిప్పి వాడితే నాలుగు మూలలు వస్తాయి, లెక్క లాభంగానే ఉంటుంది. కానీ గోడ నిలువుగా ఉన్న టిప్పును హోల్డరులో కిందికి వంచి పెట్టాలి. అది ఉక్కును కోయడం కన్నా తోస్తుంది. దానికి మోటారు బలం కావాలి, మిషను కదలకుండా ఉండాలి. నీ లేతు రెండు హెచ్.పి. మోటారు, బెడ్డు చక్ దగ్గర అరిగి ఉంటుంది. దాని మీద ఈ టిప్పు పెడితే లేతంతా కూని రాగం తీస్తుంది.

నీ మిషనుకు సరిపోయేది సి.సి.ఎం.టి. 09టి304. రెండో సి అంటే గోడకు 7 డిగ్రీల వాలు ఉంది. ముక్కు 0.4. రెండే మూలలు, నిజమే. కానీ కోత తేలిక. అల్యూమినియానికి సి.సి.జి.టి. అని మెరుగుపెట్టిన టిప్పులు దొరుకుతాయి, కోటింగ్ ఉండదు, అంచు కత్తిలా ఉంటుంది. ఒక రహస్యం చెబుతాను, ఎవరికీ చెప్పకు: నెమ్మది మిషను మీద మైల్డ్ స్టీలుకు తక్కువ కట్టు ఇచ్చి ఇదే టిప్పు వాడితే ఫినిషింగ్ బాగా వస్తుంది. త్వరగా అరిగిపోతుంది, అయినా చవకదే కదా. చవక సరుకు నిజంగా లాభమయ్యే చోట్లలో ఇది ఒకటి.

ముక్కు రేడియస్ మాట మరిచిపోకు. 0.8 ముక్కున్న టిప్పుతో చివరి కట్టు 0.05 ఇస్తే అది కోయదు, రుద్దుతుంది. కొలత ఒకసారి రాదు, ఇంకోసారి ఎక్కువ పోతుంది. ముక్కు రేడియస్‌లో సగానికి పైగానైనా చివరి కట్టుకు మిగల్చు. హెచ్.ఎస్.ఎస్.తో దారప్పోగంత తీసే అలవాటు ఇక్కడ పనికిరాదు.

ఇప్పుడు అసలు, చవకది ఎందుకు చవక? అందరూ "చైనాది గనక" అని ఊరుకుంటారు. మీ పెద్దనాన్న బాలానగర్లో పనిచేసిన రోజుల్లో, అక్కడి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌కు కంపెనీవాళ్ళు ఒకసారి ట్రైనింగుకు పంపారు. 1968లో పెట్టిన సంస్థ అది, పనిముట్ల చదువుకు మన వైపు పెద్ద పేరు. అక్కడ నేర్చుకున్నది ఇంటికొచ్చి అన్నం తింటూ నాకు చెప్పాడు. టంగ్‌స్టన్ కార్బైడ్ పొడి, దాన్ని పట్టి ఉంచడానికి కోబాల్టు. రెండూ కలిపి అచ్చులో నొక్కి, 1400 డిగ్రీల దగ్గర కొలిమిలో పెడతారు. కోబాల్టు కరిగి పలుకులను పట్టుకుంటుంది. బయటికి వచ్చేసరికి ముక్క ఒక్కో పక్క ఐదో వంతు దాకా కుంచించుకుంటుంది. పొడి సన్నం తేడా వచ్చినా, వేడి అటూ ఇటూ అయినా ఆ కుంచించుకోవడం మారిపోతుంది, లోపల సూది మొనంత బొక్కలు మిగిలిపోతాయి. ఇటుక బట్టీ ఉంది చూడు, నడిమి వరసలో కాలిన ఇటుకా, అంచున పచ్చిగా మిగిలిన ఇటుకా ఒకే లారీలో వస్తే ఎలా ఉంటుందో చవక డబ్బా అలా ఉంటుంది. మంచి కంపెనీ ఆ పచ్చి ఇటుకలను ఏరి పారేస్తుంది. ధరలో కొంత ఆ ఏరివేతకే. ఇంకా అంచును సన్నగా గుండ్రం చేయడం, కోటింగ్ సమంగా పట్టించడం వగైరా. పైన మెరిసే బంగారు రంగు చూసి మోసపోకు, దాని కింద ఏముందన్నది ముఖ్యం.

చైనా సరుకంతా ఒకటే అనుకోకు. హునాన్ ప్రాంతంలో జుజౌ అనే ఊళ్ళో 1950ల నుంచి కార్బైడ్ చేస్తున్నారు. అక్కడి పెద్ద కంపెనీ టిప్పులు యూరపు దాకా పోతాయి. మా కొట్లో కూడా పెడతాను. ధర కొరియా, జపాన్ వాటికి తక్కువ, పేరులేని డబ్బాలకు ఎక్కువ. మధ్యస్థం. నీలాంటివాడికి నేను ముందు చూపించేది అదే.

పేరులేని డబ్బా వస్తే వెంటనే పది వాడేయకు. భూతద్దం ఒకటి దగ్గర పెట్టుకో, పదింతలు చూపించేది. వెలుతురులో ప్రతి మూలా తిప్పి చూడు. అంచు వెంట చిన్న గాట్లు కనిపిస్తే ఆ మూల పక్కన పెట్టు. తరవాత నీకు బాగా అలవాటైన జాబ్ మీద, అదే రాడ్డు, అదే స్పీడు, అదే ఫీడు, ఒక్క మూలతో ఎన్ని ముక్కలు వస్తాయో గోడ మీద సుద్దతో గీతలు గీసుకో. డబ్బా మంచిదని తేలితే అదే లాట్ నంబరుది ఇంకో రెండు డబ్బాలు అప్పుడే తెప్పించుకో. రెండు నెలల తరవాత అదే అమ్మకందారు దగ్గర, అదే బొమ్మ చూసి కొన్న డబ్బా అదే సరుకు కాకపోవచ్చు. ఈ మాట మాత్రం రాసి పెట్టుకో నాన్నా.

ఇంకో రకం ఉంది, అది పేరులేని సరుకు కంటే చెడ్డది. పేరున్న కంపెనీ డబ్బాలో దొంగ టిప్పు. ఇది నా కథే. మీ పెద్దనాన్న ఊళ్ళో లేనప్పుడు ఒక ఏజెంటు వచ్చాడు. పెద్ద కంపెనీ డబ్బాలు, మామూలు ధరలో సగం. స్టాకు క్లియరెన్స్ అన్నాడు. బిల్లు తరవాత పంపుతానన్నాడు. ఆశపడి తీసుకున్నాను. చర్లపల్లి నుంచి వచ్చే పాత కస్టమరుకు అసలు ధరకే అమ్మాను కూడా. అతను మూడో రోజున డబ్బా వెనక్కి తెచ్చాడు. గట్టిగా ఒక్క మాట అనలేదు. "అమ్మా, షాఫ్టు పోయింది" అని టిప్పు నా అరచేతిలో పెట్టాడు. మూల లేదు, మూలతో పాటు సగం ముక్క లేదు. అప్పుడు కూర్చుని అసలు డబ్బా పక్కన పెట్టి చూశాను. అచ్చు కాస్త మసగ్గా ఉంది. లాట్ నంబరు ఉండాల్సిన చోట అన్ని డబ్బాలకూ ఒకే అంకె. టిప్పు మీద గ్రేడు గుర్తు లేదు. షాఫ్టు డబ్బులు నేనే కట్టాను, మీ పెద్దనాన్న ఒక నెలంతా నన్ను "క్లియరెన్సమ్మా" అని పిలిచాడు. అందుకే చెబుతున్నా, పేరున్న టిప్పు సగం ధరకు ఎక్కడైనా కనిపిస్తే ఆ పక్క చూడను కూడా చూడకు. పేరులేనిదే కొనుక్కో, అది కనీసం అబద్ధం చెప్పదు.

హోల్డర్ల సెట్టు వచ్చిందా? రాగానే వాడకు. టిప్పు కూర్చునే గూడు చూడు. టిప్పు పెట్టి స్క్రూ బిగించకుండా వేలితో నాలుగు మూలలూ నొక్కు. ఏ మూలయినా టకటకమని ఊగితే ఆ హోల్డరు పక్కన పడేయ్. గూడు సమంగా లేకపోతే ఎంత మంచి టిప్పయినా కింద ఖాళీ ఉన్న చోట విరుగుతుంది. కార్బైడ్ గట్టిది, కానీ వంగలేదు. ప్రష్యన్ బ్లూ ఉంటే టిప్పు అడుగున పల్చగా రాసి గూట్లో నొక్కి చూడు, ఎక్కడ అంటిందో కనిపిస్తుంది. సెట్టుతో వచ్చే స్క్రూలూ, నక్షత్రం తలకు పెట్టే కీ కూడా మెత్తగా ఉంటాయి. నాలుగుసార్లు బిగిస్తే తల గుండ్రమైపోతుంది. అవి పారేసి మంచి స్క్రూలు, మంచి కీ కొను. ఖర్చు పెద్దగా ఉండదు, రాత్రి పదింటికి స్క్రూ ఊడక ఏడ్చే బాధ తప్పుతుంది. ఆ సెట్టులో సన్న బోరింగ్ బార్ ఉంటుంది, దాన్ని మందానికి నాలుగింతల కన్నా బయటికి చాపకు. పన్నెండు మి.మీ. బార్ అయితే టూల్ పోస్టు నుంచి ఐదు సెంటీమీటర్లు దాటొద్దు. దాటితే బోరు లోపల అలలు అలలుగా వస్తుంది, దాన్ని ఏ టిప్పూ ఆపలేదు.

ఇక నీ ఊరి జాబుల సంగతి. నీ దగ్గరికి వచ్చేవి రైసు మిల్లు షాఫ్టులు, దుగ్గిరాల పసుపు మరల హబ్బులు, ట్రాక్టరు కేజ్ వీలు బుష్షులు, బోరు మోటారు షాఫ్టులు. వీటిలో సగం అరిగిపోయిన షాఫ్టు మీద వెల్డింగ్ నింపి సైజుకు తిప్పమనేవే. ఇక్కడే చవక టిప్పు నిన్ను నడివీధిలో నిలబెడుతుంది. వెల్డింగ్ నింపిన చోట పైన పెచ్చు, దాని కింద ఒక చోట మెత్తన, ఒక చోట చల్లారడంలో గట్టిపడిన మచ్చ, మధ్య మధ్య గుంటలు. షాఫ్టు ఒక చుట్టు తిరిగేలోపు టిప్పుకు ఎన్నో దెబ్బలు తగులుతాయి. కార్బైడ్‌కు వేడి ఫర్వాలేదు, దెబ్బే పడదు. అక్కడ మొదటి కట్టు లోతుగా ఇవ్వు, పెచ్చు కిందికి దిగేలా. పైపైన గోకితే ప్రతి చుట్టులోనూ ముక్కుకు పెచ్చే తగులుతుంది. ఫీడు తగ్గించు. టిప్పు మాత్రం మంచి కంపెనీది, దెబ్బకు ఓర్చుకునే గట్టి గ్రేడు, ముక్కు 0.8ది పెట్టు. ఆ ఒక్క పనికోసం ఒక గట్టి హోల్డరు, ఒక మంచి డబ్బా విడిగా ఉంచు. మిల్లు యజమాని కోత రోజుల్లో షాఫ్టు ఇచ్చి రేపు పొద్దున్నే కావాలంటాడు. టిప్పు మీద మిగిల్చిన రూపాయలు వాడి కోపం ముందు ఏ మూలకూ రావు. మీ మావయ్య ఇలాగే ఒక పండగ రాత్రి షాఫ్టు మీద చివరి కట్టులో టిప్పు విరగ్గొట్టుకుని, ఆ గాటు తీయడానికి మళ్ళీ వెల్డింగ్ నింపించాడు. అడుగు, చెబుతాడు. చెప్పడు కానీ, అడుగు.

స్టెయిన్‌లెస్‌కు దానికోసం చేసిన టిప్పే కొను. డబ్బా మీద పసుపు రంగు గళ్ళో ఎం అని ఉంటుంది. నీలం గడి పి మామూలు ఉక్కుకు, ఎరుపు కె కాస్ట్ ఐరన్‌కు. చవక డబ్బాల మీద అన్ని రంగులూ కలిపి కొట్టేస్తారు, అన్నిటికీ పనికొస్తుందని. అలాంటిది దేనికీ సరిగ్గా పనికిరాదు. పార్టింగ్ టిప్పులు ఎం.జి.ఎం.ఎన్. అని నాసిరకంవి కుప్పలుగా వస్తున్నాయి. 2 మి.మీ. వెడల్పు చాలు నీకు. సెంటరు ఎత్తు వెంట్రుక వాసి తప్పినా విరుగుతాయి. నీ మిషను మీద పార్టింగ్ అంటే హెచ్.ఎస్.ఎస్. బ్లేడే మేలని నా మాట. థ్రెడ్డింగ్‌కు 16ఈఆర్ ఏజీ60 చవకవి ఫర్వాలేదు, వాడు.

నీకు మూడు దురలవాట్లు ఉన్నాయి, నువ్వు పంపిన వీడియోలో చూశాను. కట్టులో టూలు ఉండగానే మిషను ఆపేస్తున్నావు. చక్ ఆగేలోపు ముక్కు ఉక్కులో ఇరుక్కుని పలుకు పోతుంది. ముందు టూలు వెనక్కి లాగు, తరవాత ఆపు. కూలెంటు సీసాలోంచి గుర్తొచ్చినప్పుడల్లా చుక్కలు పోస్తున్నావు. హెచ్.ఎస్.ఎస్. ఊరుకుంటుంది, కార్బైడ్ ఊరుకోదు. కాలిన అంచు మీద చల్లటి చుక్క పడితే సన్న పగుళ్ళు వస్తాయి. పోస్తే ధారగా పొయ్యి, లేకపోతే పొడిగా కొయ్యి. మూడోది, కళ్ళద్దాలు జేబులో పెట్టుకుని పనిచేస్తున్నావు. దాని గురించి రాయను, ఫోన్లో మాట్లాడతాను, చెవి దూరంగా పెట్టుకుని విను.

అన్నట్టు, బ్రేజింగ్ చేసిన చవక టూళ్ళ సెట్టు, రంగు పూసి పెట్టెలో పదకొండు వస్తాయి, అవి కూడా చూశావట. వాటిని వచ్చినవి వచ్చినట్టే పెడితే కోయవు. అంచు సానపెట్టాలి, కింద వాలు ఇవ్వాలి. తెల్ల వీలు మీద కార్బైడ్ అరగదు. పచ్చ వీలు కావాలి, లేదా డైమండ్ వీలు. వేడెక్కాక నీళ్ళలో ముంచకు, పగులుతుంది. మీ పెద్దనాన్న తరం అంతా ఆ పచ్చ వీలు దగ్గరే గడిపింది. వాళ్ళు ఇప్పటికీ టిప్పును విడియా అనే అంటారు, జర్మనీలో క్రుప్ వాళ్ళు 1920లలో పెట్టిన పేరు ఈ వీధిలో ఇంకా తిరుగుతోంది. ఆ వీలు దుమ్ము మాత్రం మహా చెడ్డది. కోబాల్టు ఉంటుంది, ఊపిరితిత్తులకు పడుతుంది. మీ పెద్దనాన్నకు చలికాలం దగ్గు ఎక్కడి నుంచి వచ్చిందో డాక్టరు తేల్చి చెప్పలేదు, నేనైతే ఆ వీలునే అనుమానిస్తాను. మూతికి రుమాలు కడితే చాలదు, మంచి మాస్కు పెట్టుకో. నా మీద ఒట్టు.

ధరల గురించి ఒక మాట. ప్రపంచంలో తవ్వే టంగ్‌స్టన్‌లో నూటికి ఎనభై పాళ్ళు చైనాదే. 2025 ఫిబ్రవరిలో వాళ్ళు టంగ్‌స్టన్ సరుకుల ఎగుమతికి లైసెన్సు పెట్టారు. ఆ తరవాత ముడి సరుకు ధర బాగా పెరిగింది. చవక టిప్పు ఎప్పటికీ ఈ ధరకే వస్తుందని లెక్క వేసుకోకు. అరిగిన టిప్పులు పారేయకు కూడా. డబ్బాలో వేసి ఉంచు, తుక్కు కార్బైడ్‌ను కిలోల లెక్కన కొనేవాళ్ళున్నారు, ఇనుప తుక్కుకు ఎన్నో రెట్లు ఇస్తారు. చిన్న ముక్కలే అయినా ఉక్కుకు దాదాపు రెండింతల బరువు, డబ్బా తొందరగానే తూగుతుంది. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో తెలివైనవాళ్ళు పాత టిప్పులు అమ్మి కొత్తవాటిలో కొంత రాబట్టుకుంటారు.

బిల్లు లేకుండా కొనకు. జి.ఎస్.టి. నంబరు తీసుకున్నావు కదా, 18 శాతం కట్టింది తిరిగి లెక్కలోకి వస్తుంది. బిల్లులేని చవక చాలాసార్లు ఆ పద్దెనిమిదే. లెక్క కూడా ముక్కకు వేసుకో, డబ్బాకు వేసుకోకు. టిప్పు ఎనభై రూపాయలు, మూలకు పది బుష్షులు అనుకో. ఇంకోటి నూట అరవై, మూలకు ముప్ఫై అనుకో. ఏది చవకో నువ్వే చెప్పు. మూల మార్చిన ప్రతిసారీ మళ్ళీ సైజు పట్టుకోవడానికి పోయే సమయం నేను అందులో కలపలేదు.

ఇన్ని చెప్పానని బెంగపడకు. మిషను కొన్న మొదటి ఏడాదే నువ్వు అడిగి తెలుసుకుంటున్నావు, అదే గొప్ప. డబ్బా తిప్పి పంపడానికి వీలుంటే ఆ సి.ఎన్.ఎం.జి. పది వెనక్కి పంపెయ్. వీలు లేకపోతే పెద్ద హబ్బుల కోసం దాచు, వృథా పోదు.

ఆ రేకు ప్లేటు ఫొటో తీసి పంపు. టూల్ పోస్టు అడుగు నుంచి సెంటరు ఎత్తు ఎంతుందో వెర్నియర్‌తో కొలిచి రాయి, 12 హోల్డరా, 16 హోల్డరా అప్పుడు చెబుతాను. శుక్రవారంలోగా రాస్తే, సి.సి.ఎం.టి. ఒక డబ్బా, వెల్డింగ్ షాఫ్టులకు మంచి టిప్పులు నాలుగు, ఒక మిరండా బిట్టు ఆర్టీసీ కార్గోలో వేస్తాను. డబ్బులు పంపావంటే ఊరుకోను. బిల్లు మాత్రం వేస్తాను, నీ లెక్కలకు పనికొస్తుంది.

మీ అమ్మకు చెప్పు, ఈసారి గోంగూర పచ్చడిలో ఉప్పు కాస్త తగ్గించమని.

ప్రేమతో,
పెద్దమ్మ